పేడపురుగుల పెట్టె

పోయిన నెల కళ్యాణదుర్గం బస్టాండులో అనంతపురం బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కనే మూట పెట్టుకుని కూర్చున్న ఒకామె నన్ను చాలాసేపు తేరిపార చూసి, మీరు ముందు మ్యూజియంలో రాసే పని చేస్తాండ్లా అని అడిగింది. చేశానన్నాను. అక్కడ ఊడ్చే ఆమె తనకు చిన్నమ్మ అవుతుందని, ఒకసారి ఆమె కోసం వచ్చినప్పుడు నన్ను చూసిందని చెప్పింది.

"ఆయమ్మ పాయ మేడమ్. రొండు నెలలాయ," అంది.

ఎట్లా అని అడిగాను. జ్వరమేనంది. నాలుగు రోజులు పడుకుందట, అయిదో రోజు లేవలేదట. తెలిసిన మనిషి కనబడింది కాబట్టి చెప్పింది, అంతే. మూట సర్దుకుని తన బస్సు ఎక్కిపోయింది. మీ చిన్నమ్మ నా గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నదా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడగాల్సిన చోట అడక్కపోవడం నాకు కొత్త కాదు.

ఆ ఊడ్చే ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఆ పేరు రాయాల్సిన చోటొకటి ఉండింది. అక్కడ రాయలేదు. ఇప్పుడు రాసి ఆమెకు చేసేదేమీ లేదు.

తొంభైల చివర, డిగ్రీ అయ్యి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. ఊరి చివర ఒక పాత బంగళాలో ఏదో ట్రస్టు వాళ్లు నడిపే చిన్న మ్యూజియం. ఇప్పుడు లేదు, ట్రస్టు వాళ్లు తమలో తాము కొట్లాడుకుని మూసేశారు. నాలుగు వీరగల్లులు, తుప్పు పట్టిన కత్తులు, చెదలు తిన్న తాటాకులు. వాటన్నిటి మధ్య ఎవరూ ఊహించని వస్తువు ఒకటుండేది. యుద్ధకాలంలో ఈజిప్టులో పనిచేసి, తర్వాత ఈ కరువు సీమకు వచ్చి చాలా ఏళ్లున్న తెల్లదొర ఒకాయన వెళ్లిపోతూ వదిలిపెట్టిన చెక్కపెట్టె. దానికి గాజు మూత. లోపల దూది పరుపు మీద వరసగా ముప్పై నాలుగు రాళ్లు. కొన్ని ఆకుపచ్చ పూత ఉన్నవి, కొన్ని నీలం, ఒకటి ఎర్రటి పూసరాయి. ముప్పై ఒకటి పురుగు ఆకారంలో చెక్కినవి. మిగతా మూడూ వేలెడంత గొట్టం ముక్కలు, తడి మట్టి మీద దొర్లిస్తే బొమ్మలు వరసగా పడతాయి. పురుగులను తిరగేస్తే కడుపు కింద పక్షులు, కళ్లు, రెల్లు ఆకులు చెక్కి ఉంటాయి. వేల ఏళ్ల కిందట ఈజిప్టు వాళ్లు వాటితో జాడీల మూతల మీద, ఉత్తరాల మీద మట్టి ముద్రలు వేసేవాళ్లట. ఆ పురుగును దేవుడనుకుని, దారం ఎక్కించి వేలికో మెడకో కట్టుకునేవాళ్లట.

దొర పెట్టెతో పాటు ఇచ్చిపోయిన ఇంగ్లీషు పుస్తకం చూసి, ఒక్కో రాయికీ తెలుగులో చీటీ రాయడం నా పని.

ఆమె నాకంటే ముందు నుంచే అక్కడ ఊడ్చేది. యాభై ఏళ్లుంటాయేమో. కంబదూరు దిక్కు పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. వరసగా రెండేళ్లు వాన లేక మందంతా అమ్ముకుని టౌనుకు వచ్చింది. పొడుగ్గా, ఎముకల మీద చర్మం అతికించినట్టు ఉండేది. మందను అదిలించి అదిలించి గొంతు బొంగురు పోయింది. ఆ గొంతుతో రోజుకు పది సార్లు ఒకే మాట అనేది, "రోత." అనేటప్పుడు పై పెదవి ఎడమవైపు మాత్రమే లేచేది.

దేన్ని చూసి రోత పడుతుందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. చచ్చిన ఎలకను తోక పట్టుకుని మామూలుగా బయట పారేసేది. బాత్‌రూము కడిగేటప్పుడు ముఖం కూడా చిట్లించేది కాదు. చూడటానికి వచ్చినవాళ్లు గాజు మీద నూనె చేతులు పెడితే మాత్రం పెదవి లేచేది. తడిపిన పాత పేపరు ముక్కతో గాజు తుడుస్తూ, కండ్లతో చూసేదానికి చేతులెందుకప్పా వీళ్లకు అని గొణిగేది. ఆకూ వక్కా వేసుకునే అలవాటు తనకూ ఉంది. కానీ ఉమ్మాలంటే కాంపౌండు గోడ చివరిదాకా నడిచిపోయి, ఉమ్మి, దాని మీద కాలి బొటనవేలితో మన్ను కప్పి వచ్చేది. ఎండ మండిపోతున్నా అంతే.

అన్నిటికంటే ఎక్కువ రోత ఆమెకు మా సార్ అంటే. మ్యూజియం ఆయన చేతిలో ఉండేది. ఎక్కడో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరైనాడు. మెడ నిండా పౌడరు, జేబులో ఎప్పుడూ ఉడకబెట్టిన శెనక్కాయలు. కాయ ఒలుచుకు తిని, వేలు నాలుక మీద తడి చేసుకుని రిజిస్టరు పేజీ తిప్పేవాడు. అదే తడి వేలితో దూది మీది రాళ్లను ఎత్తి చూపేవాడు. ఒకరోజు అది చూసి ఆమె నా బల్ల దగ్గరకొచ్చి, "వాళ్లు దాన్ని దేవుడనుకుండారని నువ్వే చెప్తివి కద పాపా. దేవున్ని ఎంగిలి చేస్తాడేమి?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. నాకూ వెగటుగానే ఉండేది. కానీ నెల తిరిగేసరికి జీతం కాగితం మీద సంతకం పెట్టేది ఆయన.

ఆ రాళ్ల గురించి ఆమెకు చెప్పింది నేనే. పుస్తకంలోని ఇంగ్లీషు మాటకు తెలుగు తెలియక కొట్టుకుంటున్నాను. ఆమె గాజు తుడుస్తూ వంగి చూసి, "పేడపురుగు కద ఇది," అంది. గొర్రెల దొడ్డి దగ్గర దినమూ చూసేదేనంది. నేను నమ్మినట్టు కనబడలేదేమో, చీపురు పక్కన పెట్టి చేసి చూపించింది. రెండు చేతులూ నేల మీద ఆనించి, తల కిందికి వంచి, వెనక కాళ్లతో కనబడని ఉండ ఒకదాన్ని తోసుకుంటూ గది ఈ చివర నుంచి ఆ చివరకు వెనక్కి నడిచింది. అంత పొడుగు మనిషి, సిగ్గూ నవ్వూ లేకుండా, పని చూపించే మేస్త్రీ లాగ. లేచి చేతులు దులుపుకుని, దారిలో రాయి అడ్డమొస్తే ఉండ ఎక్కి చూసుకుని మళ్లా తోస్తాది, వదలదు అంది. తర్వాత గాజు మీద వేలు ఆనకుండా దూరం నుంచే చూపించి, ముఖం ముందర రంపం పళ్లు చూడు, సరింగ చెక్కినాడు, చెక్కినోడు గొర్రెలు మేపినోడే అంది.

పుస్తకంలో ఆ రంపం పళ్ల సంగతి లేదు. నేను చీటీలో రాశాను, చెప్పింది ఎవరో రాయలేదు. సార్ అది చదివి, తర్వాత వచ్చినవాళ్లకందరికీ తాను కనిపెట్టినట్టు చెప్పుకున్నాడు.

ఆ పెట్టెలో అన్నిటికంటే పెద్దది ఒక నల్లరాయి, అరచేతిలో సగం ఉండేది. దాని చీటీ రాసిన రోజు, ఏమి రాస్తాండావు పాపా అని ఆమె అడిగింది. చెప్పాను. మనిషి చచ్చిపోతే ఎదమీద ఈ రాయి పెట్టి కట్టేవాళ్లు. పైలోకంలో తీర్పు జరిగేటప్పుడు గుండె లేచి, వీడు ఫలానా తప్పు చేశాడని సాక్ష్యం చెప్పకూడదని దీని కడుపు మీద మంత్రం రాశారు. ఆమె చాలాసేపు ఆ రాయినే చూసింది. పెదవి లేచింది.

"సచ్చినాక గూడ గుండెకాయ నోరు మూపిస్తారా? రోత. మంచి పురుగును తెచ్చి ఇట్ల పనికి పెట్టినారే."

ఆ తర్వాత ఆ రాయి దగ్గర గాజు తుడవడం మానేసింది. అక్కడ నేనే తుడిచేదాన్ని.

రెండో ఏడు వేసవిలో ట్రస్టు పెద్దాయన బంధువులు బెంగుళూరు నుంచి వచ్చారు. భార్యా భర్తా, ఇద్దరు ఆడపిల్లలు. సార్ పొద్దున్నుంచే పౌడరు మీద పౌడరు పూసుకుని, దండలు తెప్పించి, గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. వాళ్లు అడక్కుండానే గాజు మూత తీసి, చేత్తో పట్టుకుని చూడండమ్మా అని రాళ్లను పిల్లల చేతుల్లో పెట్టాడు. పిల్లలు వాటిని బల్ల మీద దొర్లించి ఆడుకున్నారు. ఆమె తలుపు దగ్గర చీపురుతో నిలబడి, చూడలేక ముఖం గోడవైపు తిప్పుకుంది. వాళ్లు టిఫిన్లు తిని, ఫోటోలు తీసుకుని కారెక్కారు. కారు వెనకే నాలుగడుగులు పరిగెత్తి సార్ నమస్కారం పెట్టాడు.

పెట్టె సర్దుతుంటే ముప్పై మూడే ఉన్నాయి. అన్నిటికంటే చిన్నది, గోరంత నీలంరాయి లేదు.

బల్ల కిందా, దూది కిందా, కిటికీ సందుల్లోనూ వెతికాము. ఆమె నేల మీద పడుకుని బీరువాల కింద చీపురుపుల్లతో గెలికి చూసింది. పిల్లల చేతుల్లో ఉండింది కదా సార్, ఒకసారి ఫోను చేసి అడిగితే అన్నాను. ఆ ముక్క అన్నాను, అది మాత్రం అబద్ధం కాదు. ఆయన నా వైపు చూసిన చూపుకు రెండో ముక్క రాలేదు. వాళ్లను అడగాలా, మతుండే మాట్లాడతాండావా అన్నాడు. తర్వాత ఆమెను పిలిచి బల్ల ముందు నిలబెట్టాడు. ఆకువక్కల సంచి తీసి బల్ల మీద బోర్లించమన్నాడు. నాలుగు తమలపాకులు, సున్నం డబ్బీ, వక్కముక్కలు, ఒక పిన్నీసు, పాత బస్సు టిక్కెట్టు పడ్డాయి. శెనక్కాయ తొక్కు అంటిన పెన్నుతో వాటిని అటూ ఇటూ కదిపి చూశాడు. దొరకలేదు.

అప్పుడు నాతో, నువ్వు ఆడపిల్లవి కదమ్మా, సామాన్ల గదిలోకి తీసుకుపోయి చూడు అన్నాడు.

నేను చూడను అనొచ్చు. పదేళ్లుగా ఆ రెండు మాటలు ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలుగా అనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు అనలేదు. తాళం తీసుకుని ముందు నడిచాను. ఆమె నా వెనక వచ్చింది.

ఆ గదిలో కిటికీ లేదు. నేను ఏమీ అడగలేదు, ఆమె కూడా నన్ను అడిగే పని పెట్టలేదు. చీర విప్పి ఒక్కో కుచ్చీ దులిపి చూపించింది. రవిక విప్పి తిరగేసి దులిపింది. జుట్టు ముడి విప్పి వేళ్లతో దువ్వి చూపించింది. ఎముకలు ఎముకలుగా నా ముందు నిలబడింది. ఇక చాలు పెద్దమ్మా అనాలి. ఆమె నా దగ్గరగా వచ్చి, వంగి, "నోట్లో గూడ చూడు పాపా," అని నోరు తెరిచింది.

నేను చూశాను. నాలుక కింద కూడా చూశాను. ఆకు మరకలు పట్టిన పళ్లు, ఊడిపోయిన రెండు దవడ పళ్ల సందులు, సున్నానికి పొక్కిన చెంప లోపలి భాగం. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆమె ముఖం ముందుగా గుర్తుకు రాదు, ఆ నోరే వస్తుంది.

బయటకొచ్చి ఏమీ లేదు సార్ అన్నాను. ఆయన కాయ ఒలుచుకుని నోట్లో వేసుకున్నాడు. మింగి ఉంటాది అన్నాడు. గోరంత రాయి, మింగేదానికి ఎంతసేపు? ఈ రాత్రీ రేపూ ఈడనే ఉండాలి, వెనక దొడ్డికి పోయినప్పుడల్లా వాచ్‌మన్ తోడు పోవాలి, పోయినాక పుల్లతో కదిపి చూడాలి, రెండు పొద్దులు చూస్తే తేలిపోతాది అన్నాడు. చెప్తూ చెప్తూ ఇంకో కాయ ఒలిచాడు. వాచ్‌మన్ ముసలాయన తల దించుకున్నాడు. నాకు రోత పుట్టింది. దొడ్డి మాటకు కాదు. ఆ మాట అంటూ ఆయన నములుతున్నందుకు.

ఆమె బల్ల మీద పడి ఉన్న ఆకులను ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టుకుంది. సున్నం డబ్బీ మూత బిగించింది.

"ఆ పని చేసే పురుగులు నీ పెట్టెలోనే ముప్పై ఉండాయి కద సామీ. వాటిని పంపీ. ల్యాకుంటే నువ్వే రా," అంది.

సంచి నడుముకు దోపుకుని గుమ్మం దిగింది. గోడ చివరిదాకా పోలేదు. ఆ గుమ్మం ముందే, మెట్టు పక్కనే ఉమ్మి, మన్ను కప్పకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మూడు వారాల తర్వాత వాళ్ల కారు డ్రైవరు ఒక అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చాడు. లోపల దూదిలో నీలంరాయి. చిన్నపాప పెన్సిలు డబ్బాలో దొరికిందట, అమ్మగారు జాగ్రత్తగా ఇచ్చి రమ్మన్నారట. సార్ డ్రైవరుకు కాఫీ ఇప్పించి, పాప ఎంత తెలివైనదని మెచ్చుకుని పంపాడు. రిజిస్టరులో ఏమి రాయాలో నాకు చెప్పాడు, నేను రాశాను. 'తిరిగి పరిశీలించగా పెట్టె అడుగున దొరికినది.' ఆమె మీద వేసిన నింద రిజిస్టరులో ముందు పేజీలోనే ఉంది, నా చేతిరాతతోనే, ఇంటిపేరుతో సహా. దాన్ని కొట్టెయ్యాలి కదా సార్ అని అడగలేదు. ఆమెకు కబురు చేద్దామా అని మాత్రం అడిగాను. పోయినామె పోయినాది, చెప్తే నెత్తికెక్కి కూర్చుంటాది అన్నాడు.

అంతటితో ఆగి ఉంటే ఆయన్ను మర్చిపోయేదాన్నేమో. వచ్చిన పెద్దమనుషులకు ఆ పెట్టె చూపిస్తూ ఆయన ఈ సంగతి ఒక జోకుగా చెప్పడం మొదలుపెట్టాడు. పేడపురుగు కోసం మేము ఏమేమి వెతకాల్సి వచ్చిందో తెలుసా అని మొదలుపెట్టి, వాళ్లు ముక్కు మూసుకుని నవ్వేదాకా సాగదీసేవాడు. ఒకసారి అట్లా అందరూ నవ్వుతుంటే, నా ముఖం మీద కూడా నవ్వు ఉందని ఎదురుగా గాజులో చూసుకున్నాను. మరుసటి రోజు ఆదివారం. కంబదూరు బస్సెక్కాను.

వానల ముందు రోజులు. బస్సు దిగి, ఆమె ఊరు ఎక్కడో అడుగుతూ ఎర్రమట్టి దారిలో రెండు మైళ్లు నడిచాను. ఊరి బయట ఒక రేకుల షెడ్డు నీడలో పది మంది ఆడవాళ్లు విత్తనం కోసం శెనక్కాయలు ఒలుస్తున్నారు. ఆమె నన్ను దూరం నుంచే చూసింది. చేతిలో కాయ ఒలిచి, గింజ చేటలో వేసి, లేచి వచ్చింది. ఇంటికి తీసుకుపోయింది. ఒక్కటే గది, ముందు చిన్న అరుగు. కూర్చోమంది.

"ఆ రాయి దొరికింది పెద్దమ్మా. ఆ పిల్లలే తీసుకుపోయినారు," అన్నాను.

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. "దొరక్కుంటే నేను దొంగనా?" అంది.

కాదన్నాను. నువ్వు తియ్యలేదని నాకు తెలుసన్నాను.

"ఎప్పుడు తెలుసు?"

"ఆ పొద్దే తెలుసు."

అదే నేను ఆమెకు చెప్పగలిగిన ఒక్క మంచి మాట అనుకున్నాను. అందుకే అంత దూరం మోసుకొచ్చాను. ఆమె నన్ను నిదానంగా చూసింది.

"అనుమానపడి చూసినావేమో, చిన్నపిల్ల కద, భయపడిందిలే అనుకుంటి. ఇన్ని దినాలూ అట్లే అనుకుంటి. తెలిసీ చూసినావా నా నోట్లో?"

అరుగు కింద ఒక కోడి మన్ను గీరుకుంటోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎండన పడి వచ్చినావు, తాగు మేడమ్ అంది. పాపా అనలేదు. తాగాను. చెంబు అరుగు మీద పెట్టి, పోయొస్తాను పెద్దమ్మా అన్నాను. పో, మూడు గంటల బస్సు పోతాది అంది.

జాలిముళ్ల చెట్ల మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆమె అరుగు దిగి, చెంబులో మిగిలిన నీళ్లు ఒలకబోసి, పొయ్యి బూడిదా మన్నూ పిడికెడు తీసుకుని ఆ చెంబును తోముతోంది. లోపలా, బయటా, అంచు చుట్టూ, నా పెదవులు ఆనిన చోట మళ్లీ మళ్లీ. నేను నిలబడి చూస్తున్నానని ఆమెకు తెలుసు. తలెత్తి ఒకసారి నా వైపు చూసి, ఇంకో పిడికెడు మన్ను తీసుకుంది.